బరంపురం పట్టంచు వెంట అయిదు రోజులు

మొదటి రోజు

ఇచ్ఛాపురం స్టేషను దాటగానే పెట్టెలో మాట మారింది. అంతవరకూ జీడిపిక్కల ధర మీద తెలుగులో గట్టిగా వాదించుకుంటున్న ఇద్దరు, టీ అబ్బాయి రాగానే ఒడియాలోకి దిగి, చిల్లర లెక్క తేల్చుకుని, గ్లాసులు చేతికి రాగానే మళ్ళీ తెలుగులో జీడిపిక్కల దగ్గరికి వచ్చేశారు. ఎక్కడా తడుముకోలేదు. గిరిసోల దగ్గర రోడ్డు మీద రాష్ట్రం మారినట్టు బోర్డు ఉంటుంది. ఈ ప్రాంతం మనుషుల నోళ్ళలో మాత్రం ఆ గీత ఎక్కడుందో వెతికినా దొరకదు.

దిగిన స్టేషను పేరు బ్రహ్మపూర్. మా ఇంట్లో ఆ పేరు పలికినవాళ్ళు లేరు. మాకది బరంపురం. అమ్మమ్మ పుట్టిల్లు. నా సంచిలో, పాత దుప్పటిలో చుట్టి, ఆవిడ పెళ్ళిచీర ఉంది. వంగపండు రంగు ఒళ్ళు, చిలకపచ్చ అంచు. అంచులోంచి ఒంట్లోకి గుడిగోపురాల్లా మెట్లుమెట్లుగా లేచిన కుంభాలు. మడతల వెంట పట్టు చివికిపోయింది, కొంగు దగ్గర రెండు చోట్ల చేతులు పెడితే విడిపోతోంది. మా అక్క కూతురికి మాఘమాసంలో పెళ్ళి. "పిన్నీ, మీ అమ్మమ్మ చీరలాంటిది కాదు, అదే అంచు కావాలి" అంది. ఆ మాట కోసం వచ్చాను. అయిదు రోజులు పెట్టుకున్నాను, ఎందుకంటే ఈ ఊరిని పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప నాకోసం ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం కోర్టుపేట వెళ్ళాను. అమ్మమ్మవాళ్ళ ఇల్లున్న చోట నాలుగు అంతస్తుల భవనం ఉంది. గుర్తుపట్టింది ఎదురుగా ఉన్న రావిచెట్టు వల్ల. ఎక్కువసేపు నిలబడలేదు.

సాయంత్రం గిరి రోడ్డు మీద నడిచాను. వి.వి. గిరి ఈ ఊళ్ళోనే 1894 ఆగస్టు 10న పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు ఇక్కడ పేరున్న ప్లీడరు. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు అటు వెళ్ళింది. ఊరి పేర్లు వింటూ నడుస్తుంటే ఆ చరిత్ర అంతా ఆటోవాళ్ళ కేకల్లోనే వినిపిస్తుంది. కోర్టుపేట, లంజిపల్లి, కొమాపల్లి అని కొన్ని, ఆ పక్కనే 'సాహి' అని ముగిసే వీధులు కొన్ని. పేటా పల్లీ మనవి, సాహి వాళ్ళది అని నా మనసు మొదట విడదీసింది గానీ, సాహిలో అడిగితే తెలుగులో దారి చెప్పారు, పేటలో అడిగితే ఒడియాలో చెప్పారు. విడదీయడం మానేశాను.

రాత్రి భోజనంలోకి బరంపురం అప్పడం వేశారు. అమ్మమ్మ ప్రతి వేసవికీ ఇక్కణ్ణుంచి అప్పడాలూ పచ్చళ్ళూ తెప్పించుకునేది. అత్తవారి ఊళ్ళో యాభై ఏళ్ళు కాపురం చేసినా, అప్పడం మాత్రం పుట్టింటిదే కావాలనేది.

రెండో రోజు

పొద్దున్నే వడల్లాంటి బొరా, బఠాణీల కూర ఘుగుణి తిని పెద్ద బజారు వైపు నడిచాను. పట్టు దుకాణాలు తెరవడానికి ఇంకా వేళ ఉంది. నాకు కావలసింది దుకాణం కాదు గనక, అడుగుతూ అడుగుతూ దేశిబెహరా వీధి చేరుకున్నాను.

ఈ వీధులవాళ్ళు తెలుగు నేతగాళ్ళు. దేరా కులంవాళ్ళంటారు. వాళ్ళు చెప్పుకునే కథ ప్రకారం పూర్వం మహురి రాజు పట్టు నేతకోసం రాజమండ్రి వైపు నుంచి వీళ్ళ పెద్దల్ని పిలిపించి ఇక్కడ నిలబెట్టాడు. వాళ్ళ కులపెద్దని దేశిబెహరా అంటారు. వాళ్ళ వెంట అమ్మవారు కూడా వచ్చిందని, ఆవిడే బుఢీ ఠాకురాణి అని నమ్మకం. ఈ నగరానికంతటికీ ఆవిడే ఇలవేల్పు.

నేను వెళ్ళిన ఇంటి పెద్దాయనకి ఎనభై దాటాయి. అరుగు మీద కూర్చుని రేడియో వింటున్నారు. చీర విప్పి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన ముందువైపు చూడనే లేదు. తిరగేసి వెనకవైపు చూశారు, కుంభం మొదలయ్యే చోట బొటనవేలితో తడిమారు.

"ఇది ఎవురిదమ్మా?"

"మా అమ్మమ్మదండి. కోర్టుపేట వాళ్ళు."

"అయితే మా ఊరి ఆడపడుచు చీర. కూర్చో తల్లీ, కూర్చో. ఒసే, మంచినీళ్ళు తే."

ఆ తర్వాత గంటసేపు ఆయన నాకు ఆ అంచుని చదివి వినిపించారు. అంత శ్రద్ధగా ఒక గుడ్డని చదవడం నేనెప్పుడూ చూడలేదు. పేక పోగుని అటూ ఇటూ మోసే కొయ్య నాడె. చీర ఒంటికి ఒక నాడె, రెండంచులకీ రెండు నాడెలు, మొత్తం మూడు. ప్రతి వరసకీ అంచు పేక వచ్చి ఒంటి పేకని కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరగాలి. అదే చోట పట్టుకుంటూ పోతే తిన్నని గీత వస్తుంది. కొన్ని పోగులు ముందుకి జరిపి పట్టుకుంటే ఒక మెట్టు, ఇంకొన్ని జరిపితే ఇంకో మెట్టు. అలా ఎక్కి, కొస చేరి, అదే లెక్కన దిగితే కుంభం. ఒకడు కూర్చుని నేసే పని కాదు, పక్కన అవతలి అంచు చూసుకునే చెయ్యి ఇంకొకటి కావాలి. చీరాల వైపు కుప్పడం అనే పని ఉంది కదా, దానికి ఇది దగ్గర చుట్టం. ఇక్కడ చీరనే కాదు, జోడు కూడా నేస్తారు. అంటే మగవాళ్ళకి పంచె, ఉత్తరీయం కలిపి. ఫొడా కుంభ అనే ఈ బరంపురం పట్టు చీరకీ జోడుకీ కేంద్రం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది.

"నేస్తారా తాతగారూ?" అని అడిగేశాను.

ఆయన తల పైకెత్తలేదు. పక్కనున్న కోడలు చెప్పింది. "మగ్గం ఎక్కడుందమ్మా? ఇల్లు కట్టుకున్నప్పుడు గుంట పూడ్చీసేం."

అప్పుడు ఇంటిని చూశాను. కింద రెండు గదులు సెల్‌ఫోన్ల దుకాణానికి అద్దెకిచ్చారు. పైన రెండంతస్తులు, పెద్దకొడుకు ఒకదాంట్లో, చిన్నకొడుకు ఒకదాంట్లో. కింద నుంచి పైదాకా పలకరాయి. ఆ ఇంటిని నేను తప్పు పట్టలేను. పాత పెంకుటింట్లో వానాకాలం నీళ్ళు గడప దాటి వచ్చేవని, ముగ్గురు ఆడపిల్లలకి ఒక్క దొడ్డి అని ఆ కోడలు చెబుతుంటే, ఇల్లు కట్టుకోవడం వాళ్ళ హక్కు అనిపించింది. నేనైనా అదే చేసేదాన్ని. కానీ గుంటమగ్గానికి మట్టినేల కావాలి. నేతగాడి కాళ్ళు గుంటలో దిగి తొక్కుళ్ళ మీద ఉండాలి. పడుగు నేలకి దగ్గరగా సాగాలి. గుంటలో చెమ్మ ఉంటేనే పోగు తెగదని పెద్దాయన అన్నారు. రెండో అంతస్తులో గుంట తవ్వలేరు కదా. నగరం పైకి పెరిగినప్పుడల్లా ఈ వీధిలో కింద ఒక మగ్గం పోతుంది. పట్టు ధర గురించి, మరమగ్గం చీరల గురించి నేను చాలా విన్నాను. ఇల్లు ఎత్తు పెరగడం వల్ల మగ్గం పోతుందన్న సంగతి ఈ రోజు దాకా నాకు తట్టలేదు.

మగ్గం కొయ్యలు మెట్ల కింద ఉన్నాయి. ఆయన లేచి చూపించారు. నున్నగా అరిగిపోయిన నాడెని నా చేతిలో పెట్టారు. ఒకపక్క బొటనవేలు ఆనే చోట చిన్న గుంత పడింది.

ఈ ఊరి యాత్ర గురించి అడిగితే ఆయన భార్య మాట అందుకుంది. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి గుళ్ళోంచి బయల్దేరి పుట్టింటికి, అంటే దేశిబెహరా వీధికి, వస్తుంది. వీధిలో పందిరిగుడి కడతారు. నెలరోజులు అటూ ఇటూగా ఉంటుంది. రాత్రిళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వీధివీధీ తిరుగుతారు. మొక్కున్నవాళ్ళు వేషం కడతారు. పులివేషం, శివుడు, రాక్షసుడు, ఇంకా ఏవేవో. ఒంటి నిండా పసుపూ నలుపూ పూసుకున్న పులులు నడివీధిలో డప్పుకి అడుగేస్తుంటే, బస్సులూ కార్లూ పక్కకి తప్పుకుంటాయి. ఇంత పెద్ద నగరం, 2011 జనగణనకే మూడున్నర లక్షల పైన జనం, ఒక నేతగాళ్ళ ఇంటి కూతురి కోసం దారి ఇస్తుంది. చివరిరోజున ఆవిడ అత్తవారింటికి, గుడికి, వెళ్ళిపోతుంటే ఈ వీధి ఆడవాళ్ళు నిజంగా ఏడుస్తారట.

"ఆడపిల్ల పుట్టింటికి ఒచ్చినప్పుడు పుట్టింట్లో మగ్గం సప్పుడు ఇనబడాల కదా" అంది ఆవిడ. "ముందు ఈ ఈదిలో పందిరి ఎయ్యకముందే తెలిసిపోయేది. టకటకా టకటకా. ఇప్పుడు మైకు పెడితేగాని తెల్దు."

బయల్దేరుతుంటే పెద్దాయన ఇంకో సందు పేరు చెప్పారు. అక్కడ ఒకాయన ఇంకా గుంట ఉంచుకున్నాడు, అడిగి చూడమన్నారు. ఆయన ఊళ్ళో లేడు, ఎల్లుండి వస్తాడు.

మూడో రోజు

ఎదురుచూడాల్సిన రోజు గనక గోపాలపురం వెళ్ళాను. పదహారు కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున పాత రేవు స్తంభాలు కొన్ని ఇసుకలో మిగిలాయి. మా వైపు పెద్దవాళ్ళు 'రంగం వెళ్ళాడు' అనేవారు. రంగం అంటే రంగూను. శ్రీకాకుళం, గంజాం పల్లెల నుంచి వేలమంది కూలిపనికి బర్మా వెళ్ళింది ఈ రేవుల నుంచే. మా తాతయ్య అన్నగారు ఒకాయన అలా వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తేవారు కాదు గానీ, పెద్దల తద్దినం రోజున ఒక విస్తరి ఎక్కువ వేసేవారు. ఆ విస్తరి ఎవరిదో నాకు పదేళ్ళప్పుడు తెలిసింది. ఈ స్తంభాల దగ్గర నిలబడితే దాని వెనకున్న సముద్రం ఎంతో తెలిసింది.

వలలు బాగుచేసుకుంటున్న నోలియాల దగ్గర కూర్చున్నాను. ఒడియావాళ్ళు పెట్టిన పేరు నోలియా. వాళ్ళు మాట్లాడేది తెలుగు, మన భీమిలి, కళింగపట్నం పల్లెల్లో వినిపించే తెలుగే. ఒకావిడ ఎండుచేప తిరగేస్తూ, 2013 అక్టోబరు 12 రాత్రి సంగతి చెప్పింది. పైలీన్ తుపాను తీరం దాటింది ఇక్కడికి దగ్గర్లోనే. అందర్నీ ముందే బడికి తరలించారు. తెల్లారి వచ్చి చూస్తే ఇల్లున్న చోట ఇసుకదిబ్బ ఉంది. "మనుషులం మిగిలేం బాబూ, అదే సాలు" అంది. 1999 అక్టోబరులో గంజాం మీద పడిన తుపానుకి ఆ ముందుచూపు లేకపోయింది, ఈసారి ఉంది. ప్రగతి అన్నమాటకి నా వరకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఈ ప్రయాణంలో దొరకలేదు.

తిరిగి వస్తూ దారిలో ఆటో ఆపించాను, మొగలి వాసన తగిలి. ఇది మొగలి పూసే కాలం. రంగెయిలుండ, ఛత్రపురం, చికిటి వైపు పొలం గట్ల మీద, ఇసుకనేలల్లో, వాగుల ఒడ్డున మొగలి పొదలు కంచెల్లా పెరుగుతాయి. గంజాం మొగలి తైలానికి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. బట్టీ చూడనిచ్చారు. పెద్ద రాగి డేగిశాలో నీళ్ళు, మగపూలు. ఆడపూలకి ఈ వాసన ఉండదు. మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట. ఆవిరి వెదురు గొట్టంలోంచి నీళ్ళతొట్టిలో మునిగున్న ఇంకో రాగి పాత్రలోకి పోయి చల్లబడుతుంది. మంట పెరిగితే పూవు మాడి తైలం చెడుతుంది, తగ్గితే ఆవిరి రాదు. అక్కడున్న ముసలాయన చేతి వెనకవైపుని గొట్టానికి ఆనించి, కట్టె ఒకటి లాగి పక్కన పెట్టాడు. కొలమానం అదే.

పువ్వు తెల్లవారుజామున కోసిందే కావాలి, ఎండెక్కితే వాసన పోతుంది. అందుకే బట్టీలన్నీ తోటల పక్కనే ఉంటాయి. ఇప్పుడు నగరానికీ సముద్రానికీ మధ్య ఈ రోడ్డు వెంట ప్లాట్ల రాళ్ళు పాతారు. తెల్లసున్నం వేసిన రాళ్ళ మధ్య మొగలి పొదలు నిలబడున్నాయి. ఇల్లు కట్టేవాడు ముందు కొట్టేది ముళ్ళపొదనే. ఆ పొద కింద పాములుంటాయని భయం కూడా. మొగలి పొద ఏడాదికో రెండేళ్ళకో పెరిగేది కాదు. గట్టు చదునైతే పొద పోతుంది, పొద పోతే బట్టీ, బట్టీతో పాటు ఆ చేతి వెనకవైపు నేర్చుకున్న వేడి లెక్క కూడా పోతుంది.

ఒక రేకు సంచిలో వేసుకున్నాను. అమ్మమ్మ చీర మడతల్లో పెట్టాను. ఆవిడ అలాగే పెట్టేది.

నాలుగో రోజు

పొద్దున మెడికల్ కాలేజీ ముందునుంచి వెళ్ళాను. 1962లో పెట్టారు, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి రోగం ముదిరితే ఇక్కడికే తీసుకొస్తారు. మా మేనమామ ప్రాణం నిలిచింది ఇక్కడే, అందుకని ఆ గేటు ముందు ఆగి దండం పెట్టాను. లవుడిగాం వైపు 2016లో వచ్చిన కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐజర్ ఉంది. పక్కనే కొత్త ఇళ్ళు, కొత్త హోటళ్ళు. ఎక్కడెక్కడి పిల్లలో సైన్సు చదువుకోవడానికి ఈ ఊరు వస్తున్నారు. 1856లో బడిగా మొదలై, 1878లో కాలేజీ అయిన ఖల్లికోట కళాశాల ఉన్న ఊరికి ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడి తెలుగు, ఒడియా పిల్లలు నాలుగైదు తరాలుగా ఆ బెంచీల మీద పక్కపక్కన కూర్చున్నారు.

పదకొండింటికి పెద్దాయన చెప్పిన సందు చేరుకున్నాను. దూరం నుంచే వినిపించింది ఆ చప్పుడు. టకటకా టకటకా. కాళ్ళు వాటంతటవే తొందరపడ్డాయి.

ఈ ఇల్లు కూడా కొత్తదే, మూడంతస్తులు. కానీ వీధి వైపు గది నేల మట్టి. అందులో గుంటలు రెండు, మగ్గాలు రెండు. ఒక మగ్గం మీద ఎర్రటి జోడు సగం పూర్తయి ఉంది. ఇంటాయనకి యాభై ఉంటాయేమో. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ నవ్వాడట, అంత మంచి ఇంటికి ముందుగది మట్టినేల ఏమిటని. అద్దెకిస్తే నెలనెలా డబ్బొస్తుంది కదా అని కొడుకు కూడా అన్నాడట. "మా నాన్న చచ్చీదాకా ఆ గుంటలోనే కూకున్నాడు. నేను పైకి కట్టుకుంటాను, కిందది ఆయనిది" అన్నాడాయన. అంతకంటే వివరం చెప్పలేదు.

అప్పట్నించీ నా మనసులో ఒకే ఆలోచన తిరుగుతోంది. నేతగాళ్ళ వీధుల్లో ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు, కింద మగ్గంగది మట్టినేలతో ఉంచుకున్నవాళ్ళకి పైన ఒక గది ఎక్కువ కట్టుకోనివ్వచ్చు. ఇంటిపన్నులో ఆ గదిని వదిలేయవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పట్టు పేరే ఈ నగరానికి బిరుదు, స్టేషను నుంచి హోటలు దాకా పట్టునగరం అని రాసుకుంటున్నారు. ఆ పట్టుకి రెండు గజాల మట్టి కావాలి. అది దొరకని వీధిలో ఎన్ని ప్రదర్శనలు పెట్టినా చీర పుట్టదు.

చీర చూపించాను. ఆయన కూడా ముందు వెనకవైపే తిరగేశారు. భార్యని పిలిచారు. ఇద్దరూ ఒక కుంభాన్ని కొస నుంచి మొదలు దాకా వేలితో పోగులు లెక్కపెట్టారు, పెదాలు కదుపుతూ. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"నెయ్యొచ్చు. కానీ ఈ వంగపండు రంగు ఇప్పుడు ఎయ్యట్లేదమ్మా. అద్దకం మళ్ళీ చేయించాల." పట్టు బెంగళూరు నుంచి వస్తుంది. అద్దించి, ఆసు పోసి, పడుగు మగ్గానికి ఎక్కించి, ఇద్దరు కూర్చుని నేయాలి. మధ్యలో దసరా పని కూడా ఉంది. కార్తీకంలో ఇస్తామన్నారు.

"చీర ఇక్కడే ఉంచీయమ్మా. లెక్క తప్పకుండా ఎదర ఉంటే మంచిది."

ఆ మాటకి కాసేపు ఏమీ అనలేకపోయాను. ఆ చీర మా ఇంటి గడప దాటడం అమ్మమ్మ పెళ్ళి తర్వాత ఇదే మొదటిసారి. చివరికి దుప్పటితో సహా ఆవిడ చేతిలో పెట్టాను. మొగలి రేకు కూడా అందులోనే ఉండిపోయింది. ఆవిడ కళ్ళకద్దుకుని లోపలికి తీసుకెళ్ళింది. దేవుడి గూడు పక్కన పెట్టిందని తర్వాత చూశాను.

ఆర్డరు చీటీ వాళ్ళ కోడలు రాసింది. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. మాతో మాట్లాడిందంతా మంచి తెలుగు. చీటీ చేతికిచ్చాక చూస్తే ఒడియా అక్షరాలు. "తెలుగు రాయడం రాదు పిన్నీ, బళ్ళో లేదు. కానీ నేను రాసింది తెలుగే" అంది. నేనొక్క అక్షరం చదవలేకపోయాను. మడిచి పర్సులో పెట్టుకున్నాను.

అయిదో రోజు

ఆగస్టు 29. ఈ తేదీకి పర్లాకిమిడిలో ఉండాలని ముందే అనుకున్నాను. పలాస దాకా రైలు, అక్కణ్ణుంచి టెక్కలి మీదుగా పాతపట్నం బస్సు. పాతపట్నం మనది. మహేంద్రతనయ నది దగ్గరి పర్లాకిమిడి ఒడిశాది. రెంటికీ మధ్య దూరం ఒక పలకరింపంత. నౌపడా నుంచి ఈ ఊరికి 1900లో రాజావారు రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద రైలు వేయించారు. తర్వాత అది గుణుపురం దాకా సాగింది. ఇప్పుడు పెద్ద పట్టాలు. చిన్న రైలు ఆవిరి ఇంజను నుంచి బొగ్గుకణం పడి లంగా కాలిన కథ మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

1992 నుంచి ఇది గజపతి జిల్లా కేంద్రం. కోట, దాని చుట్టూ బజారు, కొత్త కార్యాలయాలు. కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకి మొదటి ప్రధాని, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు. ఆయన సంస్థానంలో ఎక్కువభాగం మద్రాసు వైపే ఉండిపోయింది, ఊరు మాత్రం ఇటు వచ్చింది.

కొమ్ముపని చేసే ఒక ఇంట్లో కాసేపు కూర్చున్నాను. దున్నకొమ్ముని వేడిచేసి, మెత్తబడగానే వంచి, చల్లారాక గీకి, మెరుగు పెడతారు. ఒక కొంగ మెడ తయారవుతుంటే చూశాను. మెడ వంపు కొమ్ములో ముందే ఉందనీ, తాను చుట్టూ ఉన్నది తీసేస్తాననీ ఆయన చెప్పాడు. ఒక దువ్వెన కొన్నాను.

నేను ఇక్కడికొచ్చింది గిడుగు రామమూర్తి గారి కోసం. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, 1880లో ఈ ఊరి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల మీది సవరలు సంతకి వచ్చినప్పుడు వాళ్ళ మాట విని, ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. లిపి లేని భాషకి అక్షరం ఇవ్వాలని పట్టుబట్టినవాడు, లిపి ఉన్న మన తెలుగు మాత్రం నోటిమాటకి దూరంగా రాస్తారేమిటని అడిగారు. మనం ఈరోజు మాట్లాడినట్టు రాసుకుంటున్నామంటే ఆ పోరాటం ఈ వీధుల్లోనే మొదలైంది. 1936లో ఊరు ఒడిశాలో చేరాక ఆయన దీన్ని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. యాభైయేళ్ళకి పైగా ఉన్న ఊరు. ఎంత కష్టపడి వెళ్ళారో! ఆయన పుట్టినరోజుని అవతలి గట్టున తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇవతలి గట్టున ఈ ఊళ్ళో ఆయన నడిచిన వీధుల్లో తెలుగు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, అరుగుల మీద, కూరగాయల బండ్ల దగ్గర.

సాయంత్రం పాతపట్నం వెళ్ళే ఆటో కోసం నిలబడ్డాను. పక్కన బడి యూనిఫాంలో ఒక పిల్ల, తొమ్మిదో తరగతిలా ఉంది, వాళ్ళ నాన్నతో తెలుగులో మాట్లాడుతోంది. పర్సులోని చీటీ గుర్తొచ్చింది.

"తల్లీ, ఇది చదివిపెడతావా? నాకు ఒడియా రాదు."

ఆ పిల్ల చీటీ తీసుకుని, మొదటి వరస చూసి కనుబొమలు ముడిచింది. రెండోసారి చూసింది. నవ్వేసింది.

"ఇది ఒడియా కాదు ఆంటీ, తెలుగే" అని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పైకి చదివింది.

"ఒళ్ళు వంగపండు. అంచు చిలకపచ్చ. కుంభాలు అమ్మమ్మగారి చీరలో ఉన్నట్టే. కొంగు మూరన్నర. కార్తీక పున్నమికి."